పాత ఫ్లాపీల్లోని తెలుగును నిద్ర లేపుదాం!

మీ బేస్‌మెంట్‌లోనో, గరాజ్‌లోనో ఒక పాత కంప్యూటరు ఉండే ఉంటుంది. దాని పక్కన చెప్పుల డబ్బాలో నాలుగు ఫ్లాపీలు, రెండు సీడీలు కూడా ఉంటాయి. 1990లలో పైచదువులకని అమెరికా వచ్చిన తరం వారి ఇళ్ళలో ఇది మామూలే. ఆ ఫ్లాపీల మీద "ఉగాది సావనీర్", "నాన్నగారి పద్యాలు", "అన్నయ్య శుభలేఖ" అని పెన్నుతో రాసి ఉంటుంది.

వాటిలో ఉన్నది తెలుగే. కానీ ఈనాటి కంప్యూటరులో పెడితే ఆ తెలుగు కనబడదు. ఫైలు అసలు తెరుచుకోకపోవచ్చు. తెరుచుకున్నా, అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వరుసగా కనబడవచ్చు. "పాడైపోయింది, ఇక పారేద్దాం" అనుకుంటారు చాలామంది. కాస్త ఆగండి! చాలా సందర్భాలలో ఆ ఫైలుకు ఏమీ కాలేదు. దానికి కావలసిన అక్షరాల బొమ్మలు, అంటే ఫాంట్లు, మీ కంప్యూటరుకు దొరకలేదంతే. వాటిని ఎలా సమకూర్చాలో, ఎలా అమర్చాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. కమాండుల దగ్గరకు వచ్చేసరికి ఇంట్లో కాలేజీ చదివే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళకు కంప్యూటరు తెలుసు, మీకు తెలుగు తెలుసు. ఈ పనికి రెండూ కావాలి.

ఆ ఫైళ్ళ వెనుక కథ

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డొనాల్డ్ కనూత్ గారికి 1977లో ఒక చిక్కు వచ్చిపడింది. ఆయన రాసిన "ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్" రెండో సంపుటం కొత్త ముద్రణకు ప్రూఫులు వచ్చాయి. చూస్తే అచ్చు అందంగా లేదు. ఇంకొకరైతే ప్రచురణకర్తకు ఒక ఉత్తరం రాసి ఊరుకునేవారు. ఆయన మాత్రం పుస్తకం రాయడం పక్కన పెట్టి, పుస్తకాలను అందంగా కూర్చే ప్రోగ్రామునే రాసేశారు. దాని పేరు టెక్. చివరి అక్షరం గ్రీకు "కై" కాబట్టి దాన్ని "టెక్స్" అని పలకరు. అక్షరాలను గీయడానికి మెటాఫాంట్ అనే మరో ప్రోగ్రాము కూడా తయారు చేశారు. రెండింటినీ ఉచితంగా అందరికీ ఇచ్చేశారు. లెక్కలంటే ఇష్టపడే పిల్లలకు ఒక ముచ్చట: టెక్ వర్షన్ నంబరు ప్రతి సవరణకూ "పై" విలువకు ఒక్కో అంకె దగ్గరవుతుంది. 2021లో వచ్చిన వర్షన్ నంబరు 3.141592653.

అమెరికన్ యూనివర్సిటీల కంప్యూటర్ ల్యాబుల్లో టెక్ అందుబాటులో ఉండేది. మనవాళ్ళు ఊరుకుంటారా! ముక్కవిల్లి లక్ష్మణ్‌కుమార్ గారు, లక్ష్మి గారు తెలుగుటెక్ తయారు చేశారు. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు గారు, ఆనంద కిశోర్ గారు ఇంగ్లీషు కీబోర్డుతోనే తెలుగు రాసుకునే పద్ధతిని రూపొందించారు. అదే ఆర్‌టిఎస్. ఆ రోజుల్లో ఇంటర్నెట్ న్యూస్‌గ్రూపులలో తెలుగువారు మాట్లాడుకున్నది ఈ ఆర్‌టిఎస్‌లోనే. అలా టైపు చేసినదాన్ని టెక్‌కు అందిస్తే, లేజర్ ప్రింటరు మీద చక్కటి తెలుగు వచ్చేది. విండోస్‌లో తెలుగు ఫాంటు రావడానికి చాలా ముందు సంగతి ఇది. గౌతమి ఫాంటు వచ్చింది 2001లో, విండోస్ ఎక్స్‌పితో.

డివిఐ అంటే సీటింగ్ చార్టు

టెక్ తన పని ముగించాక ఇచ్చే ఫైలును డివిఐ అంటారు. "ఏ పరికరానికీ కట్టుబడనిది" అని ఆ పేరుకు అర్థం. దీన్ని మన సంఘం బాంక్వెట్‌లో పెట్టే సీటింగ్ చార్టుతో పోల్చవచ్చు. ఫలానా టేబులు, ఫలానా కుర్చీ, అక్కడ కూర్చునేవారి పేరు. చార్టులో ఉండేది అంతే. అతిథులు మాత్రం చార్టులో ఉండరు, ఎక్కడి నుంచో రావాలి.

డివిఐ ఫైలులో కూడా "ఈ పేరు గల ఫాంటులోని ఇన్నో నంబరు అక్షరాన్ని, పేజీలో ఇక్కడ ఉంచు" అన్న ఆదేశాలు మాత్రమే ఉంటాయి. అక్షరం ఆకారం అందులో ఉండదు. దాన్ని తెచ్చి చూపించవలసిన బాధ్యత వ్యూయర్‌ది. యూనిక్స్, లినక్స్ కంప్యూటర్లలో పేరున్న వ్యూయర్ ఎక్స్‌డివిఐ.

ఫాంటు దొరకనప్పుడు ఎక్స్‌డివిఐ ఒక హెచ్చరిక ఇచ్చి, ఆ స్థానంలో కంప్యూటర్ మోడరన్ రోమన్ అనే ఇంగ్లీషు ఫాంటును వాడుతుంది. పిలిచిన అతిథి రాలేదని ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టినట్లు! తెలుగు పేజీలో ఇంగ్లీషు గందరగోళం కనబడేది అందుకే. చార్టు బాగానే ఉంది, అతిథులే మారిపోయారు.

చుక్కల అక్షరం, గీతల అక్షరం

కంప్యూటరులో అక్షరాన్ని దాచడానికి రెండు దారులున్నాయి.

మొదటిది చుక్కల దారి. గ్రాఫ్ కాగితం మీద కొన్ని గళ్ళు నలుపు, కొన్ని తెలుపు చేసి అక్షరాన్ని గీయడం లాంటిది. దీన్ని బిట్‌మ్యాప్ అంటారు. టెక్ లోకంలో ఇవి పికె ఫైళ్ళు. ప్రింటరు అంగుళానికి ఎన్ని చుక్కలు వేస్తుందో అడిగి, దానికి తగినట్టు మెటాఫాంట్ వీటిని తయారు చేస్తుంది. 300 చుక్కల ప్రింటరుకు ఒక ఫైలు, 600 చుక్కల ప్రింటరుకు ఇంకొకటి. పెద్ద సైజు అక్షరానికి మళ్ళీ వేరొకటి.

రెండవది గీతల దారి. ఇక్కడ చుక్కలు దాచరు. అక్షరం అంచు ఎక్కడ మొదలై ఎలా వంపు తిరుగుతుందో లెక్కల రూపంలో దాస్తారు. ఈ వంపులకు బెజియే వంపులని పేరు. రెనో కార్ల కంపెనీలో ఇంజనీరుగా పనిచేసిన పియేర్ బెజియే గారు కారు బాడీ వంపులు గీయడానికి వీటిని వాడి ప్రచారంలోకి తెచ్చారు. ఆ వంపులే మన అక్షరాలకూ పనికొచ్చాయి. అచ్చు వేసేటప్పుడు, తెర మీద చూపేటప్పుడు కావలసిన సైజుకు అప్పటికప్పుడు లెక్క కట్టి గీస్తారు. ఎంత పెద్దది చేసినా అంచు నున్నగానే ఉంటుంది. వీటినే స్కేలబుల్ ఫాంట్లు అంటాం. అడోబీ కంపెనీ టైప్ 1 ఫాంట్లు, ఆపిల్ 1991లో తెచ్చిన ట్రూటైప్ ఫాంట్లు ఈ కోవకు చెందినవే.

తేడా ఎంతో ఒక చిన్న లెక్క చూడండి. పుస్తకాల్లో మామూలుగా వాడే 10 పాయింట్ల అక్షరానికి 600 చుక్కల ప్రింటరు మీద నిలువున సుమారు 83 చుక్కలు దొరుకుతాయి. 300 చుక్కల ప్రింటరు మీద సుమారు 41. అంగుళానికి 96 చుక్కలున్న మానిటరు మీద దొరికేవి 13 మాత్రమే!

ఇంగ్లీషు "ఎల్" అక్షరానికి 13 చుక్కలు సరిపోతాయేమో. మన తెలుగుకు చాలవు. తలకట్టు పైన, అక్షరం మధ్యన, ఒత్తు కింద, అన్నీ ఆ 13లోనే సర్దుకోవాలి. ద-ధ, డ-ఢ, ప-ఫ జంటలలో తేడా అల్లా కింద ఒక చిన్న గీత. ఆ గీత మసకబారితే "ధనం" కాస్తా "దనం" అయిపోతుంది. మనకంటే అలవాటు మీద చదివేస్తాం. వారానికి ఒక్కరోజు తెలుగు బడికి వెళ్ళే ఎనిమిదేళ్ళ పాపకు ఆ గీతే ఆధారం. కళ్ళజోడు పెట్టుకుని ఐప్యాడ్‌లో పెద్దది చేసుకుని చదివే తాతగారి ఇబ్బంది కూడా ఇదే. బిట్‌మ్యాప్ అక్షరాన్ని నాలుగు రెట్లు పెద్దది చేస్తే అంచులు మెట్లు మెట్లుగా కనబడతాయి.

వ్యూయర్‌కు దారి చూపడం

టెక్ ఇప్పటికీ ఉచితమే. టెక్‌లైవ్ అనే పేరుతో లినక్స్, మ్యాక్, విండోస్ మూడింటికీ దొరుకుతుంది. ఎక్స్‌డివిఐ లినక్స్‌లో నేరుగా పనిచేస్తుంది. మ్యాక్‌లో ఎక్స్‌క్వార్ట్జ్ అనే ప్రోగ్రాము తోడు కావాలి. కంప్యూటర్ మోడరన్ ఫాంట్ల టైప్ 1 రూపాలు 1997 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి, టెక్‌లైవ్‌లోనే ఉంటాయి. కనుక మీ ఫైలులోని ఇంగ్లీషు భాగాలకు మీరు చేయవలసింది ఏమీ లేదు. ఈనాటి ఎక్స్‌డివిఐ టైప్ 1 ఫాంట్లను తనంతట తానే వెతుక్కుంటుంది. పని ఉండేది తెలుగు ఫాంటుతోనే. వరుసగా చూద్దాం.

1. ముందుగా ఫ్లాపీలోని ప్రతి ఫైలునూ హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. యుఎస్‌బి ఫ్లాపీ డ్రైవులు ఇప్పటికీ కొనుక్కోవచ్చు. ఫ్లాపీ మీది అయస్కాంత పూత ఏళ్ళు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. కాబట్టి తక్కిన పనులు వాయిదా వేసినా, ఈ ఒక్కటీ వాయిదా వేయకండి.

2. డివిఐ ఫైలును ఎక్స్‌డివిఐలో తెరిచి, హెచ్చరికలలో ఏయే ఫాంట్ల పేర్లు వచ్చాయో రాసుకోండి. రాని అతిథుల జాబితా అదే.

3. ఆ పేర్లతో ఫ్లాపీలోనే ఫైళ్ళు ఉన్నాయేమో వెతకండి. ఎంఎఫ్ అని ముగిసేవి మెటాఫాంట్ మూలాలు. టిఎఫ్‌ఎం అని ముగిసేవి అక్షరాల కొలతలు. పిఎఫ్‌బి అని ముగిసేవి టైప్ 1 ఆకారాలు. లేకపోతే సిటాన్ అనే టెక్ భాండాగారంలో తెలుగు విభాగం చూడండి.

4. దొరికిన వాటిని టెక్ వెతికే ఫోల్డరులో పెట్టండి. అందరికీ పనికొచ్చేలా అయితే టెక్స్‌ఎంఎఫ్-లోకల్ అనే ఫోల్డరు, మీ ఒక్కరికే అయితే మీ హోమ్‌లోని టెక్స్‌ఎంఎఫ్ ఫోల్డరు. అందులో కొలతలకూ, టైప్ 1 ఆకారాలకూ, మెటాఫాంట్ మూలాలకూ వేర్వేరు గదులుంటాయి. ఏది ఏ గదిలో ఉండాలో అక్కడే ఉంచాలి. ఆవకాయ జాడీలో చక్కెర పోస్తే వంటవేళ దొరుకుతుందా?

5. టెక్‌హ్యాష్ కమాండు నడపండి. టెక్ ప్రతిసారీ డిస్కంతా గాలించదు, ముందుగా రాసి పెట్టుకున్న జాబితాలోనే చూస్తుంది. కొత్త ఫైళ్ళను ఆ జాబితాలో చేర్చేది ఈ కమాండే. చాలామంది మరిచిపోయే మెట్టు ఇదే!

6. ఇక మ్యాప్ ఫైలు. టైప్ 1 ఫాంటుకు ఇది తప్పనిసరి. ఇందులో ఒక్కో ఫాంటుకు ఒక్కో లైను ఉంటుంది. టెక్ పిలిచే పేరు, ఫాంటు అసలు పేరు, ఆకారాలున్న ఫైలు పేరు, ఈ మూడూ వరుసగా రాయాలి. పెద్దవాళ్ళు "బుజ్జి" అని పిలిచే అబ్బాయి స్కూలు రిజిస్టరులో వెంకట సుబ్రహ్మణ్యం అయినట్లే, ఫాంటుకూ రెండు పేర్లుంటాయి. ఆ రెండింటినీ కలిపేది మ్యాప్. అది రాసి, అప్‌డ్‌మ్యాప్-సిస్ కమాండుతో నమోదు చేయండి. 2017 నుంచి ఉత్త అప్‌డ్‌మ్యాప్ అని కొడితే టెక్‌లైవ్ ఒప్పుకోదు. అందరికోసమా, మీ ఒక్కరికోసమా అన్నది స్పష్టంగా చెప్పాలి.

7. ఎక్స్‌డివిఐని మళ్ళీ తెరవండి. మ్యాప్‌లో పేరు దొరికితే గీతల అక్షరం వస్తుంది. దొరకకపోతే పికె ఫైలు కోసం చూస్తుంది. అదీ లేకపోతే మెటాఫాంట్‌ను పిలిచి అప్పటికప్పుడు చుక్కల అక్షరాన్ని తయారు చేయించుకుంటుంది. తెర మీద కొంతసేపు ఆగి తెలుగు ప్రత్యక్షమైతే, జరిగింది ఇదన్నమాట.

"చెక్‌సమ్ సరిపోలేదు" అన్న హెచ్చరిక వస్తే తేలిగ్గా తీసుకోకండి. ఆనాడు వాడిన ఫాంటూ, ఇప్పుడు మీరు పెట్టినదీ ఒకటి కాకపోవచ్చు. ఒక పేజీని తెలుగు బాగా వచ్చిన పెద్దవారి చేత చదివించండి. ఒత్తులు, గుడులు సరైన చోట ఉన్నాయని వారు చెబితే అప్పుడు ముందుకు వెళ్ళండి.

మెటాఫాంట్ మూలం మాత్రమే ఉంటే

కొన్ని ఫాంట్లకు టైప్ 1 రూపం దొరకదు, ఎంఎఫ్ ఫైళ్ళు మాత్రమే ఉంటాయి. దానికీ ఉపాయం ఉంది. ఎంఎఫ్‌ట్రేస్ అనే ఉచిత ప్రోగ్రాము మెటాఫాంట్ చేత చాలా పెద్ద సైజులో అక్షరాన్ని గీయించి, దాని అంచును ట్రేసింగ్ కాగితం పెట్టి దిద్దినట్లు దిద్ది, టైప్ 1 ఫాంటుగా మారుస్తుంది. ఇలా దిద్దినప్పుడు పదునైన మూలలు కాస్త మొద్దుబారవచ్చు. గుండ్రని మన లిపికి అది పెద్ద లోటు కాదు. వచ్చిన ఫైలును పైన చెప్పిన 4 నుంచి 7 వరకు మెట్లతో అమర్చుకోవాలి. ఇతరులకు పంచే ముందు మాత్రం ఫాంటు లైసెన్సు ఒకసారి చదవండి.

పిడిఎఫ్ చేసి దాచండి

వ్యూయర్‌లో తెలుగు కనబడగానే పని అయిపోలేదు. ఇంకో పదేళ్ళకు ఈ కంప్యూటరూ బేస్‌మెంట్‌కు చేరుతుంది. అందుకే డివిఐని పిడిఎఫ్‌గా మార్చాలి. టెక్‌లైవ్‌లోని డివిఐపిడిఎఫ్‌ఎంఎక్స్ ఈ పని చేస్తుంది. విండోస్‌లో కూడా నడుస్తుంది. పిడిఎఫ్‌లో అక్షరాల ఆకారాలు ఫైలు లోపలే ఉంటాయి. చార్టుతో పాటు అతిథులూ వచ్చి కూర్చున్నట్లే.

సరిగా కూర్చున్నారో లేదో చూసుకోవాలి కదా! అక్రోబాట్ రీడర్‌లో ఫైలు ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్స్ అన్న చోట చూడండి. తెలుగు ఫాంటు ఎదురుగా టైప్ 1 అని, ఎంబెడెడ్ అని ఉంటే మీ పని విజయవంతం. టైప్ 3 అని ఉంటే లోపల చుక్కల అక్షరాలు చేరాయని అనుమానించండి. మ్యాప్ లైను మళ్ళీ సరిచూసుకోండి. దీర్ఘకాలం దాచడానికి 2005లో పిడిఎఫ్/ఎ అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. వాడిన ఫాంట్లన్నీ ఫైలు లోపలే ఉండాలన్నది దాని ముఖ్యమైన నియమాలలో ఒకటి.

"అడోబీ టైప్ 1ని వదిలేసిందటగా" అని కొందరికి సందేహం రావచ్చు. 2023 జనవరిలో అడోబీ తన డిజైన్ ప్రోగ్రాములలో టైప్ 1తో కొత్తగా అక్షరాలు కూర్చే సౌకర్యాన్ని ఆపేసిన మాట నిజమే. పిడిఎఫ్ లోపల అప్పటికే చేరిన టైప్ 1 అక్షరాలు మాత్రం ఎప్పటిలాగే కనబడతాయి, అచ్చవుతాయి.

కనబడితే చాలదు, వెతకగలగాలి

ఇలా చేసిన పిడిఎఫ్‌లో తెలుగు చక్కగా కనబడుతుంది. కానీ అందులోని ఒక పద్యాన్ని కాపీ చేసి ఈమెయిలులో పెడితే మళ్ళీ గందరగోళమే. పాత ఫాంట్లలో ఏ నంబరుకు ఏ ముక్క అన్నది ఆ ఫాంటు చేసినవారి ఇష్టం. 1991లో వచ్చిన యూనికోడ్ ఈ చిక్కును తీర్చింది. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించింది. "లక్ష్మి" అన్న మాట ఏ కంప్యూటరులోనైనా అవే ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వాటిని కలిపి అందంగా చూపించడం ఫాంటు పని.

ఇక్కడే ఆర్‌టిఎస్ గొప్పతనం తెలుస్తుంది. అది ఉత్త ఇంగ్లీషు అక్షరాల ఫైలు కనుక ముప్ఫై ఏళ్ళ తరువాత కూడా ఏ ఎడిటరులోనైనా తెరుచుకుంటుంది, యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. కాబట్టి ఫ్లాపీలో డివిఐతో పాటు ఆర్‌టిఎస్ మూలం కూడా దొరికితే, అదే మీ అసలు ఆస్తి. దాన్ని యూనికోడ్ చేశాక జీటెక్ అనే ప్రోగ్రాముతో మళ్ళీ పుస్తకంలా కూర్చుకోవచ్చు. జొనాథన్ క్యూ గారు 2004లో విడుదల చేసిన ఈ ప్రోగ్రాముకు మ్యాప్ ఫైళ్ళ బెడద లేదు. కంప్యూటరులో ఉన్న ఫాంటు పేరు చెబితే చాలు, నేరుగా పిడిఎఫ్ ఇస్తుంది.

మంచి తెలుగు ఫాంట్లకూ ఇప్పుడు కొదవ లేదు. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు ఇచ్చారు. కాలిఫోర్నియాలో పుట్టిన సిలికానాంధ్ర, గుత్తుల పురుషోత్ కుమార్ గారు రూపొందించిన మండలి, రామభద్ర, గిడుగు వంటి ఫాంట్లను అందరికీ ఉచితంగా అందించింది.

పిల్లలూ, ఇది మీకు!

ఒక గ్రాఫ్ కాగితం తీసుకోండి. పది గళ్ళ పొడవు, పది గళ్ళ వెడల్పు ఉన్న చదరంలో గళ్ళు నింపుతూ "ద" రాయండి. పక్కనే అదే సైజులో "ధ" రాయండి. ఇప్పుడు కాగితాన్ని గోడకు అంటించి పది అడుగుల దూరం నుంచి చూడండి. తేడా కనబడుతోందా? తరువాత ఇరవై గళ్ళ చదరంలో మళ్ళీ ప్రయత్నించండి. చివరగా గళ్ళ సంగతి మరిచిపోయి, చేతితో ఒకే వంపులో రాయండి. మొదటి రెండూ బిట్‌మ్యాప్‌లు, మూడవది గీతల అక్షరం. సంక్రాంతికి అమ్మమ్మ వేసే ముగ్గులోనూ ఇవే ఉన్నాయి. ముందు చుక్కలు పెట్టుకుంటుంది, తరువాత వాటి చుట్టూ వంపులు తిప్పుతుంది.

ఈ సెలవుల్లో ఒక శనివారం

ఆనాడు పగలు థీసిస్ రాసుకుంటూ, రాత్రి ల్యాబులో కూర్చుని ఒక్కో ఒత్తునూ సరిచూసుకుంటూ మన సంఘాల సావనీర్లు కూర్చినవారు ఇప్పుడు రిటైర్మెంటుకు దగ్గరవుతున్నారు. ఏ ఫైలులో ఏముందో, ఏ ఫాంటు వాడారో చెప్పగలిగేది వారే. వారు చెప్పగలిగినప్పుడే అడగాలి.

ఈ సెలవుల్లో ఒక శనివారం కేటాయించండి. ఉదయం ఫ్లాపీలు కాపీ చేయండి. మధ్యాహ్నం ఒక్క డివిఐ ఫైలును తెరిచి చూడండి. సాయంత్రానికి ఒక్క పేజీ పిడిఎఫ్ అయినా చాలు. అది ఇండియాలో ఉన్న పెద్దవారికి పంపి, ఫోన్ చేసి చదివించుకోండి. పక్కన పిల్లలను కూడా కూర్చోబెట్టండి, వాళ్ళకు అర్థం కాని మాట వచ్చినచోట ఆపి అడగనివ్వండి.

సంఘం సావనీర్ల పాత ఫైళ్ళు మీ దగ్గర ఉంటే, పారేసే ముందు కార్యవర్గ సభ్యులలో ఎవరికైనా ఒక మాట చెప్పండి. ఇంకా వీలైతే ఆ ఫైలుతో పాటు ఒక చిన్న కాగితం జత చేయండి: ఎవరు రాశారు, ఎవరు టైపు చేశారు, ఏ సంవత్సరం, ఏ ఫాంటు. తరువాత తెరిచేవారికి ఆ నాలుగు వివరాలే సగం పని తగ్గిస్తాయి.